సూయజ్ నుంచి మా పాప మడవ దాకా

మా బావగారు పోయారు. మా ఆయనకు అన్న, మా ఇంటికి పెద్ద. పొద్దున లేచి ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చుని, కడప బస్సులో పేపరు వచ్చేదాకా కాఫీ వద్దన్నారు. బస్సు వచ్చింది, పేపరూ వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ఉండడం చూసి బడి అయ్యవారు మామూలుగానే ఎదురుగా కూర్చుని వార్తలు చదవడం మొదలుపెట్టారట. "మాటకు మాట అడ్డం పడే మనిషి, ఒక పేజీ అయిపోయినా ఏమీ అనకపోతే అప్పుడు అనుమానం వచ్చిందమ్మా" అని తరువాత నాతో చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

నేను కలం పట్టే మనిషిని కాను. మిషను బడిలో హైస్కూలు చదువు అయిందనిపించాను. ఆ చదువు ఆదివారం బడి పిల్లలకు వాక్యాలు నేర్పడానికీ, ఊళ్ళో వాళ్ళకు జాబులు రాసిపెట్టడానికీ సరిపోయింది. ఇప్పుడు రాయడానికి కూర్చున్నానంటే, ఆయన కోసం గుడిలో పెట్టిన ఆదరణ కూడికలో ఒక పెద్దమనిషి చేసిన ప్రసంగమే కారణం. ఆయన పట్నం నుంచి వచ్చారు. బావగారిని ఎరగరు. "ఈయన బస్రా యుద్ధంలో తుపాకి పట్టి శత్రువుల గుండెలు చీల్చిన వీరుడు" అన్నారు. ఆడవాళ్ళ వైపు నా పక్కన కూర్చున్న మా అక్క, అంటే బావగారి భార్య, నా తోటికోడలు, కొంగులో ముఖం దాచుకుంది. ఏడుస్తోందని వెనకామె వీపు నిమిరింది. అక్క కొంగు చాటునుంచి నా చెవిలో అన్నది, "తుపాకి అంట చెల్లీ. ఇంట్లో ఎలకను కొట్టమంటే, దానికి మాత్రం యాడ ఉండాది ఇల్లు అనేటోడు."

ఆ రోజు ఆయనను గురించి అక్క నవ్విన ఆ నవ్వు నిజం, పైన చెప్పిన వీరుడు అబద్ధం. పిల్లలకు అబద్ధం మిగలకూడదని రాస్తున్నాను.

బావగారు తుపాకి పట్టలేదు. మొదటి పెద్ద యుద్ధంలో దొరల దండు వెంట అరబ్బుల దేశంలోని బస్రా దాకా, అక్కడినుంచి ఏటి వెంబడి ఎగువకు పోయిన మాట నిజమే. పోయింది కంచరగాడిదలు తోలడానికి. ఆయన చెప్పే యుద్ధం కథలన్నిటిలోనూ కంచరగాడిదలే ముందు నడిచేవి, సేనాధిపతులు ఎక్కడో వెనక దుమ్ములో వచ్చేవారు. "ఆ దండు మొత్తంలో, పోయే ముందర యాడికి, ఎందుకు అని అడిగింది కంచరగాడిద ఒకటే" అనేవారు. "కాళ్ళు నాలుగూ నేలకు తన్నిపెట్టి నిలబడేది. మేము మటుకు పొమ్మంటే పోతిమి."

అక్కడినుంచి ఆయన తెచ్చుకున్నవి ఒక ఇత్తడి గ్లాసు, కొంచెం చెవుడు, కొన్ని ప్రశ్నలు. ఎవరైనా ఇంకొకరి ఇంటి తగువు తీర్చడానికి బయలుదేరి మా అరుగు ముందు నుంచి పోతే, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పందే ముందుకు కదలనిచ్చేవారు కాదు. నిన్ను పిలిచినారా? ఎందుకు పోతాండావో నిజంగా నీకు తెలుసునా? నువ్వు వచ్చేసినాక ఆడ మిగిలేది ఎవురు?

ఒకసారి మా పాస్టరయ్య ఎవరో మొగుడూ పెళ్ళాల పోట్లాట తీర్చడానికి గొడుగు పట్టుకుని పోతున్నారు.

"పిలిచినారా పాస్టరయ్యా?" అన్నారు బావగారు.

"పిలవలేదు. గోడ అవతలికి వినపడింది."

"వినపడితే చెవి పని అయిపోయింది. కాళ్ళకు ఏం పని?"

పాస్టరయ్య గొడుగు ముడిచి, అరుగెక్కి కూర్చున్నారు. వాళ్ళు ఇద్దరూ కాఫీ తాగేలోపల అక్కడ పోట్లాట అయిపోయి, ఆ పెళ్ళాం మొగుడికి సంగటి పెడుతోందని తెలిసింది. పాస్టరయ్య పోయి ఉంటే ఆ సంగటి ఇంకొక గంట ఆలస్యమయ్యేదని బావగారు చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆయన ప్రార్థనను గురించి కూడా చెప్పాలి. గుడిలో ఆయనను ప్రార్థన చేయమని అడగాలంటే సంఘానికి భయం. చిన్నపిల్లల తల్లులు ముందుగానే పిల్లలను బయట తిప్పుకుని వచ్చేవారు. బస్రా పోయి వచ్చిన మనిషికి మా ఊరి జ్వరాలూ మా ఊరి వానలూ చాలవు. ఒక్కొక్క దేశాన్నీ పేరు పెట్టి దేవుని ముందు నిలబెట్టేవారు. ఆయన ఆమెన్ అన్న తరువాత గుడి బయటికి వస్తే మా నీడలు పొట్టివైపోయి ఉండేవి. నాకు మాత్రం ఆ ప్రార్థనలు ఇష్టం. మా ఊరు దాటి ఎక్కువ దూరం పోనిదాన్ని, కళ్ళు మూసుకుని ఆయన వెంట లోకమంతా తిరిగి వచ్చేదాన్ని.

సూయజ్ కాలువ గొడవ వచ్చిన ఏడు మా ఊళ్ళో ఇంకే మాటా లేదు. మాది కర్నూలు–కడప కాలువకు చివరన ఉన్న ఊరు. పైవాళ్ళందరూ తాగి, తడిపి, కడుక్కుని వదిలిన నీళ్ళు మా మళ్ళకు వస్తాయి. అందుకని కాలువ కోసం యుద్ధమంటే మావాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. బావగారు మా ఇంటి పెద్ద బైబిలు గ్రంథం చివరన ఉన్న రంగు పటాలు తెరిచి, ఎర్రసముద్రం పైన వేలు పెట్టి చూపించారు. మా ఆయన ముందుకు వంగి చూసి అడిగారు.

"ఈ కాలవ కింద ఎన్ని ఎకరాలు పారతాదన్నా?"

"ఒక ఎకరా గూడా పారదు. ఉప్పునీళ్ళు. ఓడలు పోతాయి."

"ఒక మడి గూడా పారని కాలవకు ఇన్ని దేశాలు కొట్లాడతాండాయా? వాళ్ళకు మన లస్కరు మాదిరి మనిషి లేడా, తూము మూసి బీగం వేసుకుని ఇంటికి పోయేదానికి?"

ఆ రోజునుంచి మా ఆయనకు సూయజ్ మీద గౌరవం పోయింది. అక్కకు వేరే చిక్కు వచ్చింది. పేపర్లో రాసే ఈజిప్టు, గుడిలో చదివే ఐగుప్తు ఒకటేనని బావగారు పటంలో చూపించగానే ఆమె పటం మూసేసింది.

"వాళ్ళా? మన పెద్దలను ఎండలో నిలబెట్టి ఇటుకలు చేపించినోళ్ళు. వాళ్ళకు కావల్సిందే."

"మన పెద్దలు ఎప్పుడైనారు వాళ్ళు? నీ పెద్దలు జమ్మలమడుగు తట్టు జొన్నలు కోసినోళ్ళు."

"గుడిలో అంతా మన పెద్దలనే చదువుతారు కదా. నాకు చెప్పొద్దు."

"ఆ ఇటుకలు గూడా మట్టిలో కలిసిపోయినాయమ్మే. ఇప్పుడు ఆ కాలవ కోసరం వాళ్ళ ఇంట్లోకి పిలవకుండా మూడు దేశాల దండ్లు దూరినాయి. అది చూడు."

"కర్నూలునుంచి రాజధాని ఎత్తుకుని హైదరాబాదుకు పోతాండారు. ఊరంతా దాని కోసరం బాధపడతాంటే నీకు ఐగుప్తు మీద బాధ."

"రాజధాని తనకు తానుగా లేచి పోతాండాది. ఎవురూ దండు పంపి తోల్లేదు" అన్నారు బావగారు.

ఆ వారమే హంగేరీలోకి ఇంకొక దేశం ట్యాంకులు పోయాయి. పిలిస్తేనే పోయామని పోయినవాళ్ళు చెప్పారని అయ్యవారు చదివారు. బావగారు గ్లాసు కింద పెట్టి, "పిలిచినోళ్ళు తలుపు కాడికి వచ్చి కనపడల్ల కదా" అన్నారు. ఆ తరువాత కాఫీ తాగలేదు.

అప్పుడే మా పాప సంగతి తెలిసింది. పాప బావగారి ఒక్కతే కూతురు. ఎగువూరిలో ఇచ్చారు. అల్లుడు జ్వరంతో పోయి అప్పటికి ఏడాది దాటింది. పాప పుట్టింటికి రాలేదు. మొగుడి వాటా మడి తానే సాగు చేస్తానని వరి నాటింది. ఆ మడి పక్కనే మరిది మడి. కాలువనుంచి పిల్లకాలువ, పిల్లకాలువనుంచి ఒక్కొక్క మడికి వంతు ప్రకారం నీళ్ళు. తమ వంతు వచ్చినప్పుడు గట్టుకు పారతో చిన్న గండి కొట్టుకుంటారు, దాన్నే మడవ అంటారు. మడి నిండితే మట్టి వేసి మూస్తారు. పాప మడవ తీసి ఇంటికి రావడం, మరిది పోయి ఆ మడవలో మట్టి వేసి, పిల్లకాలువకు అడ్డకట్ట పెట్టి నీళ్ళన్నీ తన మడికి తిప్పుకోవడం జరుగుతోంది. ఆడమనిషికి సాగు ఎందుకు, మడి నాకు వదిలేసి ఇంట్లో కూర్చుంటే ముద్ద పెట్టనా అని అతని వాదం. వరి పాలు పోసుకునే సమయం. ఆ వంతు నీళ్ళు అందకపోతే పంట తాలు. పంట పోతే మడి మరిది చేతికి పోతుంది, పాప ఆ ఇంట్లో ఇంకొకరు పెట్టే ముద్ద కోసం కూర్చోవాలి.

ఈ సంగతి ఎగువూరినుంచి ఆకుకూరలమ్మే ఆమె మా అక్కకు చెప్పింది. అక్క గంప దించనివ్వకుండానే బావగారి ముందుకు పోయి నిలబడింది.

"లెయ్. చొక్కా తొడుక్కో."

"పాప పిలిచిందా?"

"కన్న కూతురు పిలవల్నా నిన్ను?"

"నేను పోయి వానితో కొట్లాడి వచ్చేస్తా. సాయంత్రానికి నా ఇంట్లో నేనుంటా. ఆ పాప యాడ ఉండల్ల? వాని ఇంట్లో, వాని పెళ్ళాం పక్కన, వాని బాయి నీళ్ళు తాగుతా ఉండల్ల."

అక్క వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నం పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టి పక్కన మంచినీళ్ళు పెట్టింది. బావగారు పచ్చడి కోసం చుట్టూ చూశారు.

"ఊరిబిండి లేదా?"

"ఉండాది. రోట్లో ఉండాది. అది రోటి లోపలి విషయం. దాంట్లో నేను తల దూర్చను."

ఇతర దేశాల లోపలి విషయాల్లో తల దూర్చకూడదని మన దేశం ఒప్పుకున్న సూత్రాలను బావగారు అయ్యవారి చేత అట్ట మీద రాయించి తలుపు వెనక తగిలించుకుని ఉన్నారు. అక్కకు చదువు రాదు, కానీ ఆయన అన్నిసార్లు చదివి వినిపించగా వినీ వినీ నేర్చుకుంది. రోజూ అంతే. ఒక రోజు చారు పొరుగు దేశంలో ఉంది, ఒక రోజు మజ్జిగ తటస్థంగా ఉంది. ఆయన ఉట్టి సంగటి మింగి, చేయి కడుక్కుని, కాలువ గట్టుకు పోయేవారు.

నేను నీళ్ళకు పోయినప్పుడు ఒకసారి అక్కడ కనిపించారు. మా ఊరికి వచ్చే ఆ కొద్దిపాటి నీళ్ళలో చేయి పెట్టుకుని గొంతుక్కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "ఈ నీళ్ళు పాప మడి పక్కనుంచే వచ్చినాయమ్మా" అన్నారు. నేను బిందె గట్టు మీద దించాను. కాసేపటికి ఆయనే బస్రా మాట ఎత్తారు. ఎప్పుడూ చెప్పని సంగతి. ఏటి ఒడ్డున ఒక ఖర్జూరపు తోట ముసలాయన, తన కాలువలో కంచరగాడిదలకు నీళ్ళు పెట్టనిచ్చాడట. చేతి నిండా పండ్లు కూడా పెట్టాడట. దండు ముందుకు పోయింది, తరువాత వెనక్కి వచ్చింది. తిరిగి వచ్చేటప్పటికి చెట్లు నరికి ఉన్నాయి. ముసలాయన లేడు. "మాకు నీళ్ళిచ్చినాడని అవతలోళ్ళు చేసిన పని. మేము ఆయన మేలు కోసరమే వచ్చినామని మా దొరలు కాగితాలు గూడా పంచినారు" అన్నారు. చేయి నీళ్ళలోనుంచి తీయలేదు.

ఇంట్లో అన్న కదలకపోతే తమ్ముడు కదిలారు. మా ఆయన చివరి మళ్ళ రైతులందరినీ పోగుచేసి మా వాకిట్లో నిలబెట్టారు. అందరి చేతుల్లో కట్టెలు. ఒకాయన తొందరలో మా దండెం కర్రే పీక్కుని వచ్చాడు. నా చీర ఒకటి దానికి వేలాడుతూనే ఉంది.

"అన్నా, మన ఆడబిడ్డకు అన్యాయం జరుగుతాంటే చూస్తా ఊరుకోలేము. పోతాండాము" అన్నారు మా ఆయన.

"పోయి ఏం చేస్తారు?"

"వాడు పిల్లకాలవకు వేసిన అడ్డకట్ట తెంపుతాము."

"తెంపితే నీళ్ళు యాడికి పోతాయి?"

"పాప మడికి."

"పాప మడికేనా?"

మా ఆయన తలపాగా సర్దుకున్నారు. "కొంచెం కిందికి గూడా వస్తాయి."

"ఎంత కొంచెం?"

అందరూ తమ కట్టెల వైపు చూసుకున్నారు. చివరికి దండెం కర్ర ఆయన, అబద్ధం చేతగాని మనిషి, "మన మళ్ళు పారేంత పెద్దాయనా" అన్నాడు.

"అట్లయితే పాప పేరు ఎత్తొద్దు. నీళ్ళకు పోతాండామని చెప్పి పోండి. అది కొట్లాట అయినా నిజమైన కొట్లాట. మమ్మల్ని గూడా బస్రాకు ఆ ఊరోళ్ళను కాపాడేదానికే తోలుకపోయినారప్పా. పోయి చూస్తే మేము కాపలా కాసింది దొరల పెట్రోలు గొట్టాలకు."

దండు విడిపోయింది. నా చీర నాకు వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం అక్క సంగటి కూడా పెట్టలేదు.

ఇక్కడ మా స్త్రీల కూడిక గురించి చెప్పాలి. ఎగువూరికీ మాకూ గుడి ఒకటే. వారానికొక ఇంట్లో వంతు ప్రకారం ఆడవాళ్ళం కూడి పాడి ప్రార్థన చేస్తాము. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఆదివారం ఆరాధన చివర లేచి అందరినీ పిలవాలి. ఆ ఆదివారం మా పాప లేచి నిలబడింది. తలమీద కొంగు సర్దుకుని, మెల్లగా, కానీ మొగవాళ్ళ వైపుకు కూడా వినపడేటట్టు అన్నది.

"ఈ బుధవారం కూడిక మా ఇంట్లో గాదు, మా మడి గట్టున. పంట కోసరం ప్రార్థన చెయ్యల్లని అందరినీ పిలుస్తాండా. మా నాయన వచ్చి ప్రార్థన చెయ్యల్లని నా మనవి."

బుధవారం పొద్దున పాపకు నీళ్ళ వంతు. ఆ సంగతి మరిదికి తెలుసు. కానీ పంట కోసం ప్రార్థన వద్దని గుడిలో ఏ రైతు అంటాడు? అందరితో పాటు అతనూ ఆమెన్ అన్నాడు. ఆరాధన అయ్యాక పాప తండ్రితో గుడి గోడ పక్కన కాసేపు మాట్లాడింది. ఇంటికి వస్తూ బావగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. "పిలిచినాదమ్మా" అన్నారు. ఆ పూట ఊరిబిండి రోటి లోపలినుంచి బయటికి వచ్చింది.

బుధవారం పొద్దున ఎగువూరి దారిలో ఆయన నన్ను కొంచెం ఆగమన్నారు.

"అమ్మా, నువ్వు ప్రార్థనలో ఒక కన్ను తెరుచుకుని ఉండల్ల. మడి అవతలి మూల దాకా నిండినప్పుడు దగ్గు."

"ప్రార్థనలో కన్ను తెరవకూడదు కదా బావా."

"ఒక కన్ను దేవునికి, ఒక కన్ను మడికి. ఆయన ఏమీ అనుకోడు. నీళ్ళు ఆయనవే."

మాలో ఒక కట్టుబాటు ఉంది. ప్రార్థన మొదలైతే ఆమెన్ దాకా ఎవరూ కదలరు. పని ముట్టరు. దారిన పోయేవాళ్ళు కూడా తల వంచి నిలబడతారు. పాప మడవ తీసింది. ఆడవాళ్ళం మడవకు రెండు పక్కలా, గట్టు పొడుగునా మోకరించాము. మరిది పార భుజాన వేసుకుని వచ్చే సమయానికి బావగారు, "పరలోకమందున్న తండ్రీ" అనేశారు. మరిది నిలబడిపోయాడు. పార దించాడు. తలపాగా తీశాడు.

బావగారు మా ఇంటితో మొదలుపెట్టారు. మా ఊరు, ఎగువూరు, బనగానపల్లె మామిడితోటలు, కర్నూలులో రాజధాని పోయి ఖాళీగా మిగిలిన గదులు, అన్నీ అయ్యాయి. తరువాత సముద్రం దాటారు. "ప్రభువా, ఐగుప్తు మీద విమానాలు పోయినాయి. వాళ్ళు పూర్వం చేసినదంతా మేము మరిచిపోయినాము, నా భార్య తప్ప. నువ్వు గూడా మరిచిపో." అక్క కళ్ళు మూసుకునే మూతి తిప్పింది. "ప్రభువా, హంగేరీ అనే దేశం మా పటాల్లో లేదు. అది యాడ ఉండాదో నీకు తెలుసు. ఆడికి పోయినోళ్ళను వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు తోలు." నా తెరిచిన కంటికి నీళ్ళు మడిలో సగం దాకా పాకినట్టు కనిపించాయి.

మరిది కూడా ఒక కన్ను తెరిచాడు. చెయ్యి మెల్లగా పార మీదికి పోయింది. బావగారికి ఎట్లా తెలిసిందో, దేశాలు ఆపి, "ప్రభువా, ఇక్కడ నిలబడిన మా అల్లుని తమ్ముడు" అన్నారు. చెయ్యి ఆగింది. "ఆ బిడ్డకు కష్టాలుండాయి. పాలిచ్చే బర్రె కాలు విరిగి పడుండాది. దాన్ని లేపు ప్రభువా. ఆ ఇంట్లో పిల్లలకు పాలు లేవు." మరిది చెయ్యి వెనక్కి పోయింది. తల ఇంకా కిందికి వంగింది.

అప్పుడే గట్టు వెనకనుంచి మా ఆయనా, కట్టెలూ వచ్చాయి. ఆడవాళ్ళు పెద్దాయన ఒక్కరి తోడుతో పోయారని మళ్ళీ పోగయ్యారట. మలుపు తిరిగి ప్రార్థన చూశారు. ఒక్కొక్కరే చెప్పులు విడిచారు. కట్టెలు బురదలో గుచ్చారు. తలపాగాలు తీశారు. అటు మరిది, ఇటు మా ఆయన, ఇద్దరూ తలలు వంచుకుని ఒకే గట్టు మీద నిలబడ్డారు.

కష్టం ఆ తరువాత వచ్చింది. నా పక్కన మోకరించిన ముసలవ్వకు పొగాకు అలవాటు. ఆమెకు నిజంగానే దగ్గు వచ్చింది. బావగారు నేననుకుని, "ఈ మనవులన్నీ ఆలకించి..." దాకా వచ్చేశారు. మడి అవతలి మూల ఇంకా ఎండుగానే ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, నేను తల ఊపితే ఏం కనపడుతుంది? జీవితంలో నలుగురిలో గొంతెత్తని దాన్ని, దేవుడు నన్ను క్షమించుగాక, పైకే అన్నాను.

"బావా, ఇంకా చైనా ఉండాది."

"అవును ప్రభువా, చైనా" అన్నారు బావగారు, ఆగకుండా.

చైనా పెద్ద దేశం కావడం ఆ రోజు మాకు మేలైంది. తరువాత కొరియా వచ్చింది. తరువాత బస్రాలో చచ్చిపోయిన కంచరగాడిదలను ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తలుచుకున్నారు. చివర, ఏటి ఒడ్డున నీళ్ళిచ్చిన ఒక ముసలాయన కోసం ప్రార్థించారు. నీళ్ళు అవతలి మూలకు చేరి, గట్టుకు తగిలి వెనక్కి వచ్చాయి. నేను దగ్గాను.

ఆమెన్ అన్న తరువాత ఎవరి మోకాళ్ళూ వెంటనే లేవలేదు. పాప ఉడికించిన చెనక్కాయల గంప తెచ్చింది. కూడిక అయితే ఏదో ఒకటి పెట్టడం మా పద్ధతి. బావగారు ఎవరినీ కూర్చోనివ్వలేదు.

"పదండి, పదండి. పని అయినాక నిలబడితే మనల్ని చుట్టాలనరు. దండు అంటారు."

"చెనక్కాయలన్నా తిని పోతాము పెద్దాయనా" అన్నాడు దండెం కర్ర ఆయన.

"దోవలో తిను. కట్టెలు పీక్కో."

మరిది ఆయనకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. "మామా, నా బర్రె సంగతి నీకెట్ల తెలుసు?"

"పాప చెప్పింది. ఆదివారం గుడి కాడ నీళ్ళ సంగతి చెప్పేదానికంటే ముందర నీ బర్రె సంగతే చెప్పింది. శానా బాధపడతాండాది."

అతను పాప వైపు తిరిగాడు. పాప మడవ మూయడానికి పోతుంటే పార తనే అందించాడు.

అతను ఒక్క రోజులో మారిపోయాడని నేను రాయను. వచ్చే వంతుకు ముందు రోజు పాపను అడిగాడట, "రేపు గూడా మీ నాయన వస్తాడా?" అని. "పిలవమంటావా?" అన్నదట పాప. "వద్దు, వద్దు. నేను చూసుకుంటాలే" అన్నాడట. ఆ ఏడు పాప వరి తాలు కాలేదు. మడి పాపదే.

బావగారికి తన ప్రశ్నల మీద అంత నమ్మకం ఎప్పటికీ నిలవలేదు. లెబనానులో అమెరికా సైన్యం దిగిందని, లెబనాను అధ్యక్షుడే పిలిచాడని అయ్యవారు చదివిన రోజు ఆయనకు అన్నం సహించలేదు. "పిలిచింది ఇంటి పెద్ద. ఇంట్లో వాళ్ళందరూ పిలిచినారా? అమ్మా, నా మొదటి ప్రశ్నకు చిల్లు ఉండాది" అన్నారు నాతో. పాప పిలిస్తే మనం పోలేదా బావా అన్నాను. "పాప మడి పాపది. దేశం ఒకరి మడి కాదు కదా" అన్నారు. ఆ చిల్లు ఎట్లా పూడ్చాలా అని చివరిదాకా ఆలోచిస్తూనే ఉన్నారు. పోయిన పొద్దున ఆయన పేపరు కోసం ఎదురు చూసింది కూడా అందుకేనేమో. ఇప్పుడు అడగాల్సినవాళ్ళనే అడుగుతూ ఉంటారు. పరలోకంలో ఆయనను ప్రార్థన చేయమని ఎవరూ అడగకుండా ఉంటే మేలు.

ఈ కాగితాలు పెట్టె అడుగున దాచండి పిల్లలూ. ఎవరికీ చూపించకండి. ముఖ్యంగా ఎగువూరికి పోనివ్వకండి. ఆ రోజు ప్రార్థన నా దగ్గు కోసమే అంత పొడుగైందని మరిదికి తెలియదు, పాప ఇంకా ఆ ఇంట్లోనే బతకాలి. సమాధి పని అయ్యాక పాపను దిగబెట్టడానికి నేనే తోడు పోయాను. ఆ రోజు ఆమె నీళ్ళ వంతు. దుఃఖంలో మేము ఇద్దరమూ మరిచిపోయాము. మడి దగ్గరికి పోయేసరికి పాప మడవ తీసి ఉంది. మరిది పార నేలమీద పడుకోబెట్టి, తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని, ఎండలో గట్టు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అవతలి మూల ఎప్పుడు తడుస్తుందా అని చూస్తున్నాడు.